పాత ట్రాక్టర్ కొనేముందు అది ఏం పని చేసిందో కనుక్కోండి

(గుంటూరులో చిన్న, సన్నకారు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసేశాం, మాటలు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరికి జరుపుకుంటాను. సరే.

ఇవాళ్టి విషయం పాత ట్రాక్టర్. రెండెకరాలు, మూడెకరాలు, మహా అయితే ఐదెకరాలు ఉన్నవాళ్ళు సెకండ్ హ్యాండ్ బండి కొనాలంటే ఎలా చూడాలి, ఎక్కడ చూడాలి, ఏది కనపడితే వెనక్కి వచ్చెయ్యాలి. ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఏమిటండీ? "ఏ కంపెనీ మంచిది?" రెండోది, "ఎన్నో సంవత్సరం మోడల్?" రెండూ అడగాల్సినవే, కాదనను. కానీ వీటికన్నా ముందు అడగాల్సింది ఒకటుంది. ఈ బండి ఇన్నాళ్ళూ ఏం పని చేసింది? దమ్ములో, అంటే వరి మడి బురద చేసే పనిలో తిరిగిందా? మెట్ట దున్నిందా? ఇసుక తోలిందా? తిరిగే కత్తులతో మట్టి గుల్ల చేసే రొటవేటర్ కట్టుకుని ఊరూరా కిరాయికి తిరిగిందా? 2008 బండి అయినా సరే, మెట్ట పొలంలో ఒక్క ఇంటి పని చేసుకుని, రాత్రికి కొట్టంలోకి చేరిన బండి అయితే, 2016లో కొని ఇసుక రేవుల్లో పగలూ రాత్రీ తిరిగిన బండికన్నా మేలు. చేసిన పని చూడండి. ఇంకోసారి చెబుతున్నాను, చేసిన పని చూడండి.

అంతకన్నా ముందు ఒక లెక్క వేసుకుందాం. మనకి సొంత బండి అవసరమా?

తెనాలి, రేపల్లె వైపు నుంచి వచ్చినవాళ్ళు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మీది మాగాణి. సార్వా వరి, ఆ వెనక మినుము. మినుముకి దుక్కి లేదు, కోతకి ముందే వరిచేలో చల్లేస్తారు. మొక్కజొన్న వేసినా దున్నకుండానే వేస్తున్నారు. అంటే మీకు ట్రాక్టర్ పని దమ్ము ఒక్కటే. ఎకరానికి రెండు మూడు సాళ్ళు కలిపి మూడు, మూడున్నర గంటలు అనుకోండి. మూడెకరాలకి ఏడాదికి పది గంటలు అటూ ఇటూ. పది గంటల పనికి బండి కొని, 350 రోజులు నిలబెట్టి, బ్యాటరీ, టైర్లు ఎండబెట్టుకోవడం ఎందుకండీ? కిరాయికి పెట్టుకోండి. మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఆ లెక్కలో సొంత బండి నష్టం.

ఇక మెట్ట వాళ్ళు. ప్రత్తిపాడు, పెదనందిపాడు, మేడికొండూరు, సత్తెనపల్లి. మిరప, పత్తి. వేసవి దుక్కి ఒకటి, గొర్రు రెండు మూడు సార్లు, రొటవేటర్ ఒకసారి. 9 కర్రుల గొర్రుతో ఎకరం గంట లోపే అవుతుంది, 5 అడుగుల రొటవేటర్‌తో గంట దాటుతుంది. నాగలి దుక్కికి ఇంకా ఎక్కువ. ఎకరానికి ఐదారు గంటలు. దీనికి మందు కొట్టే పంపు, ఎరువు తోలుకోవడం, మిరపకాయ కల్లానికీ మార్కెట్ యార్డుకీ చేరవెయ్యడం కలిపితే నాలుగెకరాలకి ఏడాదికి 50 గంటల దాకా పోతుంది. ఇదీ పెద్ద లెక్కేమీ కాదు. కానీ ఇక్కడ ఇంకో సంగతి ఉంది, పదును. మన నల్లరేగడిలో వాన పడ్డాక మొదటి రెండు రోజులు అడుగు పెట్టలేం, బంక. ఆ తర్వాత రెండు మూడు రోజులు పదును. అది దాటిందా, పెడ్డలు లేస్తాయి. ఆ రెండు మూడు రోజుల్లోనే ఊరందరికీ కిరాయి బండి కావాలి, చిన్న రైతు వంతు ఎప్పుడూ చివరే. సొంత బండి ఉంటే పదును మన చేతిలో ఉంటుంది. ఉంటే గింటే ఈ ఒక్క కారణానికే కొనాలి. గంటల లెక్కకి కాదు.

కొల్లూరు, దుగ్గిరాల, కొల్లిపర లంకల వాళ్ళకి వేరే లెక్క. అరటి, పసుపు, కంద. సాళ్ళ మధ్య దూరాలి కాబట్టి పెద్ద బండి పనికిరాదు. 18 నుంచి 24 హెచ్‌పీ చిన్న బండి, మూడు అడుగుల రొటవేటర్ చాలు. మిత్సుబిషి శక్తి 180 లాంటివి ఈ తరగతిలోవే, 18.5 హెచ్‌పీ. చిన్న బండి కొనేటప్పుడు టేపు పట్టుకెళ్ళండి. టైరు బయటి అంచు నుంచి బయటి అంచుకి ఎంత ఉందో కొలవండి. ఆ కొలత మీ సాలులో పట్టాలి, రెండు వైపులా అరడుగు మిగలాలి. చెప్పిన వెడల్పు నమ్మి కొని, పొలానికి వెళ్ళాక ఆకు చీరుకుంటే ఎవరిని అడుగుతాం?

సరే, మెట్టకి వద్దాం. ఐదెకరాల లోపు వాళ్ళకి 30 నుంచి 40 హెచ్‌పీ మధ్య చాలు. పాత బండ్లలో మనకి ఎక్కువ దొరికేవి మహీంద్రా 265, 275, మ్యాసీ 1035, స్వరాజ్ 735. ఇవన్నీ పాత వంశాలు. మహీంద్రా వాళ్ళు 1963లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి మొదలుపెట్టారు, స్వరాజ్ 1974లో వచ్చింది. ఏళ్ళ తరబడి పెద్దగా మార్పు లేకుండా తయారైన బండ్లు కాబట్టి సామాను దొరుకుతుంది, పని తెలిసిన మెకానిక్కూ దొరుకుతాడు. బరువు ఎత్తే శక్తి చూస్తే 265కి 1200 కిలోలు, 1035కి 1100, 735కి 1000. 5 అడుగుల రొటవేటర్ నాలుగు వందల కిలోలు అటూ ఇటూ ఉంటుంది. కిలోలు సరిపోయినట్టే కనపడతాయి, కానీ రొటవేటర్ వెనక్కి వేలాడుతుంది కదా, ముందు చక్రాలు తేలిపోతాయి. 5 అడుగుల దగ్గర ఆగండి. 6 అడుగులది కావాలంటే 45 హెచ్‌పీ పైన చూసుకోవాలి, అది మన కమతానికి అక్కర్లేదు.

మరి హెచ్‌ఎంటీ? ఎవరో అడుగుతున్నారు. గట్టి బండే, అనుమానం లేదు. కానీ పింజోర్ ఫ్యాక్టరీ 2016లో మూతపడింది. ఉన్న సామాను ఉన్నన్నాళ్ళే. అందుకే ఏ బండి అయినా బయానా ఇచ్చేముందు ఒక పూట విజయవాడ ఆటోనగర్ వెళ్ళి రండి. ఆ మోడల్‌కి మూడు వస్తువులు అడగండి: క్లచ్ ప్లేటు, వాటర్ పంపు, వెనక పనిముట్టుని ఎత్తే లిఫ్టుకి సీల్ కిట్టు. ముగ్గురు షాపుల వాళ్ళు మూడూ తీసి బల్ల మీద పెడితే ఆ బండి కొనొచ్చు. "తెప్పిస్తామండీ, వారం పడుతుంది" అన్నారా, వారంలో మీ పదును పోయింది.

ఇప్పుడు బండి దగ్గరికి వెళ్దాం.

వెళ్ళే ముందు రోజు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పండి. "నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దండీ." వెళ్ళగానే ముందు ఇంజన్ బ్లాకు మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉందంటే మనకోసం ముందే తిప్పి పెట్టారని అర్థం. ఎందుకు తిప్పుతారు? పిస్టన్ రింగులు, సిలిండర్ బోరు అరిగిన ఇంజన్‌కి చల్లగా ఉన్నప్పుడు కంప్రెషన్ చాలదు, తొందరగా అందుకోదు, గర్రు గర్రుమని సెల్ఫ్ తిప్పాలి. ఒకసారి వేడెక్కితే మామూలుగానే అందుకుంటుంది. ఆ తేడాని దాచడానికే. వేడిగా ఉంటే గొడవ పడొద్దు. మూడు నాలుగు గంటలు ఆగి చూస్తామని చెప్పండి, లేదా రేపు పొద్దున వస్తామనండి.

చల్లగానే ఉంది. ఇప్పుడు రేడియేటర్ మూత తియ్యండి. చల్లటి బండిదే తియ్యాలి, వేడి బండి మూత తీస్తే ముఖం కాలుతుంది. నీళ్ళ మీద నూనె తెట్టు ఉందా? ఉంటే హెడ్ గ్యాస్కెట్టో, ఇంకా పెద్దదో. డిప్ స్టిక్ లాగండి. ఆయిల్ నల్లగా ఉంటే భయపడకండి, డీజిల్ ఇంజన్ ఆయిల్ నల్లగానే ఉంటుంది. తెల్లగా, మజ్జిగలా ఉంటే నీళ్ళు కలిశాయి. ఇంకోటి, రెండు వేళ్ళ మధ్య రాసి చూడండి. లేతపాకంలా తీగ సాగుతుందా? పొగ, చప్పుడు కనపడకుండా చిక్కటి ఆయిల్ పోశారు. మామూలు 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-40 ఆయిల్ అంత చిక్కగా ఉండదు.

ఇక్కడ కొంచెం ఆగి ఒక చోటు చూపిస్తాను. ఎవరూ చూడని చోటు. ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజన్‌లోకి ఒక రబ్బరు గొట్టం వెళుతుంది, రెండు వైపులా క్లిప్పులు ఉంటాయి. ఇంజన్ వైపు క్లిప్పు వదులు చేసి ఆ గొట్టం తియ్యండి. జేబులో తెల్ల గుడ్డ పెట్టుకెళ్ళండి. వేలికి ఆ గుడ్డ చుట్టి గొట్టం లోపల తిప్పండి. గుడ్డ తెల్లగా వచ్చిందా, కాస్త నూనె చెమ్మ మాత్రమే ఉందా, మంచిది. ఎర్ర దుమ్మో, నల్ల దుమ్మో అంటిందా? ఫిల్టర్ దాటి దుమ్ము ఇంజన్‌లోకి వెళుతోంది. అది ఎన్నాళ్ళుగా వెళుతోందో మనకి తెలీదు. దుమ్ము అంటే ఏమిటండీ? సన్నటి ఇసుక. లైనరుకీ రింగుకీ మధ్య ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టే. బయట ఎంత పెయింటు వేసినా, ఆ గొట్టం లోపల ఎవరూ పెయింటు వెయ్యరు. పాత బండ్లలో ఫిల్టర్ అడుగున ఆయిల్ గిన్నె ఉంటుంది. అదీ విప్పి చూడండి. గిన్నెలో ఆయిల్ ఉండాలి, అడుగున బురద గడ్డకట్టి ఉందంటే ఆ ఇంటాయన ఫిల్టర్ సంగతే పట్టించుకోలేదన్నమాట. ఫిల్టర్ పట్టించుకోనివాళ్ళు గేర్ ఆయిల్ పట్టించుకుంటారా?

ఇప్పుడు స్టార్ట్ చెయ్యమనండి. మీరు బండి వెనక కాదు, పక్కన నిలబడి సైలెన్సర్ వైపు చూడండి. మొదటి కొన్ని సెకన్లు కాస్త పొగ వస్తుంది, అది లెక్క కాదు. ఒక నిమిషం తర్వాత కూడా నీలం పొగ వస్తుంటే ఆయిల్ తాగుతోంది. తెల్ల పొగ వదలకుండా వస్తూ, కళ్ళు మండుతూ, డీజిల్ వాసన వస్తే డీజిల్ చిమ్మే నాజిల్స్ గానీ టైమింగ్ గానీ తేడా. నాజిల్ చిన్న ఖర్చే, దానికి బేరం చేసుకోవచ్చు. నల్ల పొగ లోడు మీద కొంచెం వచ్చినా పర్వాలేదు, ఖాళీగా ఉన్నప్పుడే వస్తుంటే చూసుకోవాలి.

ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తిప్పి తీసి, ఆ రంధ్రం మీదే తిరగేసి వదులుగా పెట్టండి. మూత స్థిరంగా కూర్చుందా, కొద్దిగా కదిలిందా, పర్వాలేదు. ఎగిరెగిరి పడుతోందా, రంధ్రంలోంచి ఆవిరి బుస్సుమని కొడుతోందా? రింగులు దాటి గాలి కిందికి దిగుతోంది. ఇంజన్ పని దగ్గర్లోనే ఉంది. లైనర్లు, పిస్టన్లు, బేరింగులు, లేత్ షాపు పని, కూలి, అన్నీ లెక్కేసుకునే ధర చెప్పండి.

అవర్ మీటర్ గురించి అడుగుతున్నారు బాబాయ్ గారు. మీటర్ చూడండి, కానీ నమ్మొద్దు. పాత బండ్లలో అది కేబుల్‌తో తిరుగుతుంది, కేబుల్ తెగితే ఆగిపోతుంది, మళ్ళీ ఎవరూ వేయించరు. పైగా కంపెనీ చెప్పిన స్పీడులో ఇంజన్ తిరిగితేనే గంటకి గంట నడుస్తుంది, నెమ్మదిగా తిరిగితే తక్కువ చూపిస్తుంది. మీటర్ 3000 దగ్గర ఉండి, క్లచ్ పెడల్ ఇనుము అద్దంలా మెరుస్తూ, కాళ్ళు పెట్టే పలక అరిగిపోయి, గేర్ రాడ్డు గుండు మీద గీతలు చెరిగిపోయి ఉంటే, పెడల్‌నే నమ్మండి.

ఇప్పుడు మొదట్లో చెప్పిన మాటకి వస్తున్నాను. బండి ఏం పని చేసిందో అమ్మేవాళ్ళు చెప్పకపోయినా బండి చెబుతుంది.

దమ్ము బండి. వెనక చక్రాల లోపలి వైపు వంగి చూడండి, ఇరుసు బయటికొచ్చే చోట. అక్కడ నూనె కారి, దాని మీద మట్టి అట్టకట్టి ఉంటుంది. సీలు పోయింది. సీల్లోంచి నూనె బయటికి వచ్చిందంటే బురద నీళ్ళు లోపలికి వెళ్ళాయనేగా? దమ్ము చక్రాలు బిగించే బోల్టు రంధ్రాలు చూడండి. గుండ్రంగా ఉండాల్సినవి కోడిగుడ్డులా సాగి ఉంటే, ఆ చక్రాలు వదులుగానే ఏళ్ళ తరబడి తిరిగాయి. వెనక గేర్లుండే హౌసింగ్ లెవెల్ బోల్టు వదులు చేసి నాలుగు చుక్కలు ఆయిల్ అరచేతిలో పట్టండి. తేనె రంగుంటే సరే. మజ్జిగలా ఉంటే నీళ్ళు. మ్యాసీ 1035 లాంటి బండ్లలో ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే లిఫ్టు పంపు ఆ హౌసింగ్ లోపలే ఉంటుంది, గేర్లకీ లిఫ్టుకీ అదే ఆయిల్. ఆ ఆయిల్‌లో నీళ్ళు చేరితే పంపుని కూడా తినేస్తుంది.

దమ్ము బండికి ఇంకో చోటు. ఇంజన్‌కీ గేర్ బాక్సుకీ మధ్య, అడుగున, క్లచ్ హౌసింగ్‌కి ఒక చిన్న రంధ్రం ఉంటుంది, దానికొక ప్లగ్గు. దమ్ముకి దిగేటప్పుడు ప్లగ్గు బిగించాలి, బయటికొచ్చాక తీసెయ్యాలి. ఆ ప్లగ్గు తీసి చూడండి. ఏమీ రాకపోతే సంతోషం. నూనె కారితే క్రాంక్ వెనక సీలో, గేర్ బాక్సు ముందు సీలో పోయింది, ఆ నూనె క్లచ్ ప్లేటుకి తగులుతుంది. తుప్పు రంగు నీళ్ళు వస్తే క్లచ్ మునిగింది. దేన్ని మార్చాలన్నా బండిని మధ్యకి విడగొట్టాలి. ప్లేటు ఖరీదు కన్నా ఆ విడగొట్టే కూలే బాధ.

నిజాంపట్నం, రేపల్లె తీరం నుంచి వచ్చే బండ్లు ప్రత్యేకం. రొయ్యల చెరువుల గట్ల మీద పనిచేసి ఉంటాయి. ఉప్పు నీళ్ళు. రిమ్ముల లోపలి అంచు, కాళ్ళ పలక అడుగు, డీజిల్ ట్యాంకు అడుగు స్క్రూ డ్రైవర్‌తో పొడిచి చూడండి. పొట్టులా రాలితే వదిలెయ్యండి. ఇనుము తిన్న బండికి మందు లేదు.

ఇసుక, ఇటుక తోలిన బండి. వెనక హుక్కు చూడండి, పిన్ను దూరే రంధ్రం సాగి ఉంటుంది, హుక్కు ప్లేటుకి వెల్డింగు మీద వెల్డింగు ఉంటుంది. ఖాళీ రోడ్డు మీద టాప్ గేర్‌లో వేగం అందుకుని ఒక్కసారి యాక్సిలరేటర్ వదిలెయ్యండి. వెనక నుంచి "ఊఁ" అని ఏడుపు వినపడితే వెనక ఇరుసులోని క్రౌన్, పినియన్ గేర్లు అరిగాయి. బ్రేకులు విడివిడిగా చూడండి. ఎడమ పెడల్ ఒక్కటి, కుడి పెడల్ ఒక్కటి, మట్టి నేల మీద నెమ్మదిగా. రెండూ ఒకేలా పట్టాలి. రోడ్డెక్కేటప్పుడు రెండు పెడళ్ళనీ కలిపే కొక్కెం ఉండాలి. లేకపోతే వేయించుకోకుండా రోడ్డెక్కకండి, ఒక పక్క బ్రేకే పడితే బండి కాలవలోకే.

రొటవేటర్ కిరాయి బండి. వెనక పీటీవో షాఫ్టు, అంటే ఇంజన్ శక్తితో పనిముట్టుని తిప్పే కడ్డీ, మీద ఆరు పళ్ళుంటాయి, 35 మి.మీ. షాఫ్టు. గోరుతో పళ్ళ అంచు తడమండి. అంచులు చదరంగా ఉండాలి. కత్తిలా పదునెక్కినా, మధ్యలో మెట్టు పడినా ఎక్కువ గంటలు తిరిగిందన్నమాట. ఇక్కడే క్లచ్ రకం తెలుసుకోండి. ఒకే మోడల్‌లో సింగిల్ క్లచ్‌వీ వచ్చాయి, డబుల్ క్లచ్‌వీ వచ్చాయి. పీటీవో వేసి, బండి గేర్‌లో కదులుతుండగా క్లచ్ సగం నొక్కండి. బండి ఆగి, పీటీవో తిరుగుతూనే ఉంటే డబుల్ క్లచ్. రెండూ ఆగితే సింగిల్. గొర్రుకీ, వెనక తగిలించే ట్రక్కుకీ సింగిల్ చాలు. రొటవేటర్‌కి మాత్రం డబుల్ ఉండాలి. సింగిల్ క్లచ్ బండికి రొటవేటర్ కడితే, క్లచ్ నొక్కినా తిరుగుతున్న కత్తుల ఊపు వెనక నుంచి గేర్ బాక్సుని తిప్పి బండిని ముందుకి తోస్తుంది. గట్టు దగ్గర క్లచ్ నొక్కితే బండి ఆగదు! అమ్మా, మీ అబ్బాయి నడుపుతాడన్నారు కదా, ఈ మాట అతనికి తప్పకుండా చెప్పండి.

క్లచ్ అరుగుదల చూడ్డానికి, బ్రేకు గట్టిగా నొక్కి, పెద్ద గేర్ వేసి, క్లచ్ మెల్లగా వదలండి. ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతోంది. ఒక్కసారే చెయ్యండి, పదిసార్లు చేస్తే మంచి ప్లేటూ కాలిపోతుంది.

ముందు మట్టి ఎత్తే బకెట్ కట్టిన బండి అయితే బ్రాకెట్లు తీసేసినా బోల్టు గుర్తులు దాగవు. ముందు ఇరుసు వంగిందా, హౌసింగ్‌లో ఎక్కడైనా సన్నటి పగులు ఉందా, పగులు మీద వెల్డింగు ఉందా చూడండి. పగులు ఉంటే కొనొద్దు.

ముందు వైపు జాకీ పెట్టి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే బేరింగో, కింగ్ పిన్ బుష్షులో. పక్కలకి ఊపితే కదిలిందా, టై రాడ్ చివర్లు. ఇవన్నీ చవక పనులే, బేరానికి పనికొస్తాయి.

లిఫ్టు సంగతి వేడెక్కాకే చూడాలి. అందుకే ఊళ్ళో రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి "బాగానే ఉంది" అనొద్దు. గొర్రు కట్టి, ఎవరి పొలంలోనైనా గంటసేపు దున్నించండి. డీజిల్ మీరే పోయండి, నాలుగైదు లీటర్లు పోతుంది, పోనివ్వండి. ఆ గంటలో ఏం చూడాలి? వేడి ముల్లు ఎక్కడ ఆగింది? దున్నడం ఆపి ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ ముల్లు పూర్తిగా పడిపోయిందా? ఏ గేర్ అయినా లోడు మీద తనంతట తాను ఎగిరి బయటికొస్తోందా? తర్వాత గొర్రు పైకెత్తి అలాగే ఉంచండి. ఇంజన్ నడుస్తుండగా గొర్రు కొంచెం దిగి, మళ్ళీ లేచి, మళ్ళీ దిగి తల ఊపుతోందా? లోపల ఆయిల్ లీకవుతోంది. ఇంజన్ ఆపాక గంటలకి నెమ్మదిగా దిగితే ఓ-రింగు పని, పెద్ద విషయం కాదు. రెండు మూడు నిమిషాల్లో నేలకి తగిలితే లిఫ్టు విప్పాల్సిందే.

టైర్లు. పాత బండి ధరలో వెనక రెండు టైర్లదే పెద్ద వాటా. రెండూ ఒకే సైజు ఉండాలి, ఒకటి 12.4-28, ఇంకోటి 13.6-28 అయితే బండి ఒక పక్కకి లాగుతుంది, లోపలి గేర్లు అరుగుతాయి. పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2314 అంటే 2014లో 23వ వారంలో తయారైంది. గ్రిప్పు ఎంతున్నా పదేళ్ళు దాటితే గోడ పగుళ్ళు చూడండి.

ఒక్క నిమిషం ప్రాణాల గురించి మాట్లాడాలి. పాత బండ్లకి పీటీవో షాఫ్టు మీద కవరు ఉండదు, ఎప్పుడో పారేసి ఉంటారు. కొన్న రోజే వేయించండి. నిమిషానికి 540 చుట్లు తిరిగే షాఫ్టుకి కండువా చివర, చీర కొంగు తగిలితే లాక్కోవడానికి సెకను పట్టదు. రెండోది, బండితో దేన్నైనా లాగేటప్పుడు ఇరుసు పైన గొలుసు కట్టి లాగొద్దు, కింది హుక్కుకే కట్టాలి. చక్రం తిరగకపోతే బండే చక్రం చుట్టూ తిరుగుతుంది, ముందు భాగం లేచి డ్రైవర్ మీద పడుతుంది. కూరుకుపోతే ముందుకి కాదు, రివర్సులో వెనక్కి తియ్యండి. మడ్‌గార్డు మీద పిల్లల్ని కూర్చోబెట్టొద్దు. దయచేసి.

కాగితాలు త్వరగా చెప్పేస్తాను. ఆర్సీ మీద ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్న నంబర్లతో మీ కళ్ళతో సరిచూడండి. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి, ఫైనాన్స్ ఉందేమో చూడండి. ఉంటే ఫైనాన్స్ వాళ్ళ ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న కాగితం), ఫారం 35 చేతికి వచ్చాకే పూర్తి డబ్బు. పేరు మార్పుకి ఫారం 29, ఫారం 30. వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28 కూడా. రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకే, ఆ తర్వాత ఐదేసి ఏళ్ళకి రెన్యువల్. గడువు దాటిన బండిని రెన్యువల్ చేయించి ఇమ్మనే అడగండి. ఇన్సూరెన్స్ మీ పేరుకి మార్పించడానికి 14 రోజుల్లో దరఖాస్తు పెట్టుకోవాలి. "తర్వాత మార్పించుకుందాంలే" అని ఏళ్ళు గడిపేస్తారు. ఈలోపు ఏదైనా జరిగితే పాత యజమాని, మీరు, ఇద్దరూ ఇరుక్కుంటారు.

ధర తేలింది, బండి ఇంటికి వచ్చింది. లక్ష పెట్టిన చోట ఇంకో ఇరవై వేలు పక్కన ఉంచుకుని ఉండాలి. ఆ డబ్బుతో మొదటి వారంలోనే ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్లు, గేర్ బాక్సు, వెనక హౌసింగ్ ఆయిల్, రేడియేటర్ నీళ్ళు, ఫ్యాన్ బెల్టు అన్నీ మార్చెయ్యండి. పాతది ఎప్పుడు మార్చారో మనకి తెలీదు కదా. డీజిల్ ఫిల్టర్ మార్చాక లైనులో గాలి చేరుతుంది. ఫిల్టర్ మీది బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ, బుడగలు ఆగి డీజిల్ ధారగా వచ్చేదాకా ఆగి, అప్పుడు బిగించాలి. దించిన గేర్ ఆయిల్‌ని వెంటనే పారబొయ్యొద్దు. ఒక పళ్ళెంలో పోసి అయస్కాంతం తిప్పండి. సన్నటి బూడిద లాంటి పొడి అంటుకుంటే మామూలే. పెచ్చులు, పళ్ళ ముక్కలు అంటుకుంటే అప్పుడే గేర్ బాక్సు విప్పించండి, దుక్కుల కాలం మధ్యలో విరగడం కన్నా ఇప్పుడే నయం.

ఆఁ, చివర్న ఎవరో అడిగారు. ట్రక్కు కూడా కలిపి ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా అని. తీసుకోవచ్చు. కానీ ట్రక్కుకి వేరే నంబరు, వేరే ఆర్సీ ఉంటాయి. బండి ఆర్సీ చూపించి "రెండూ ఇందులోనే" అంటే ఒప్పుకోవద్దు. ట్రక్కు ఆర్సీ లేకపోతే దాని ధర తీసేసి బండి ఒక్కటే బేరం చెయ్యండి. ట్రక్కు అయితే ఇరుసు, హుక్కు కన్ను, నేల పలక చూసుకోండి చాలు. కన్ను అరిగి సగం మందమే మిగిలి ఉంటే లేత్ షాపులో కొత్తది వేయించాకే కాయ ఎత్తండి.

ఇంకెవరికైనా ఫలానా బండి గురించి అడగాలని ఉంటే, బయట చెట్టు కింద ఉంటాను. ఆర్సీ జిరాక్సు ఉంటే పట్టుకు రండి.